పిల్లల కదలికను చదివే ఆటగది: ఫ్రిస్కోలో ఒక ప్లే థెరపీ కేంద్రం

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ ఊళ్ళలో కందిపప్పు దగ్గర నుంచి కూచిపూడి క్లాసుల దాకా ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పే తెలుగువాళ్ళు కోకొల్లలు. చిన్నపిల్లకు మనసులో ఏదో కష్టం వచ్చింది, ఎక్కడికి తీసుకువెళ్ళాలి అని అడిగితే మాత్రం చాలామంది మాట మారుస్తారు, లేకపోతే పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అని తేల్చేస్తారు. మా పాపను దాదాపు ఒక విద్యాసంవత్సరం పాటు తీసుకువెళ్ళిన ప్లే థెరపీ కేంద్రం గురించి మంచీ చెడూ దాచకుండా రాయడానికి అదే కారణం. పాప గోప్యత దృష్ట్యా కేంద్రం పేరు గానీ, థెరపిస్టు పేరు గానీ ఇవ్వడం లేదు. అయినా ఇక్కడ రాసినవి ఏ కేంద్రంలో అడుగుపెట్టినా అడగదగిన, గమనించదగిన విషయాలేనని నా అభిప్రాయం.

మా పాపకు అయిదేళ్ళు. మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి, ఆరు నెలలు మాతో ఉండి, తిరిగి తెనాలి వెళ్ళిపోయిన తర్వాత పాప బెంగ పెట్టుకుంది. ఇంట్లో మంకుపట్టు పెరిగింది, అన్నం దగ్గర మారాం పెరిగింది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. కిండర్‌గార్టెన్‌లో నోరు విప్పడం దాదాపుగా మానేసి, ఆటస్థలంలో కంచెను ఆనుకుని నిలబడుతోందని టీచరు రాసి పంపారు. ఈ దేశంలోని తెలుగు ఇళ్ళలో ఇది అరుదైన కథ కాదు. తాతయ్యలూ అమ్మమ్మలూ నానమ్మలూ వీసా గడువును బట్టి వస్తారు, పిల్లలు వాళ్ళ ఒళ్ళో పెరుగుతారు, ఒక రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ళు లేకుండా తిరిగి వస్తారు. పిల్లల డాక్టరు ఒంట్లో ఏ లోపమూ లేదని తేల్చిన తర్వాత, మాటలతో సాగే కౌన్సెలింగ్ ఈ వయసుకు పనికిరాదని చెప్పి ప్లే థెరపీకి పంపారు.

ప్లే థెరపీ అంటే పిల్లను ఆడించి మరిపించడం అనుకునేవారు మనలో ఎక్కువ. నిజానికి అది బొమ్మల ద్వారా, ఆట ద్వారా పిల్ల తన లోపలిది బయట పెట్టుకోవడానికి వీలు కల్పించే చికిత్స. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే మనస్తత్వవేత్త 1947లో ప్రచురించిన పుస్తకంలో ఈ పద్ధతికి ఎనిమిది సూత్రాలు చెప్పారు. పిల్లను ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించడం, ఆటలో పిల్ల ముందు నడిస్తే థెరపిస్టు వెనుక నడవడం, తొందరపెట్టకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఆ దారిని గారీ లాండ్రెత్ మరింత ముందుకు తీసుకువెళ్ళి, 1988లో డెంటన్‌లోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో ప్లే థెరపీకి ప్రత్యేక కేంద్రాన్ని స్థాపించారు. డెంటన్ మాకు కూతవేటు దూరంలో ఉండటం వల్ల ఈ ప్రాంతంలో అక్కడ చదువుకున్న థెరపిస్టులు బాగానే దొరుకుతారు. మాకు దొరికినవారు కూడా అక్కడివారే. అయితే ఆమె ఎంపికలో మాకు నచ్చిన అసలు సంగతి వేరు: ఆమె డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో కూడా శిక్షణ పొందారు. వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో 1942లో మారియన్ ఛేస్ అనే నర్తకి, మాట పలకని రోగుల కదలికనే తన కదలికతో అందుకుని వాళ్ళతో సంబంధం కలుపుకోవడంతో బలపడిన విద్య అది. మాట మానేసిన పిల్లకు ఇంతకన్నా తగినది ఏముంటుంది అనుకుని చేరాము.

ఆటగది గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఇసుక తొట్టి, చేతికి తొడిగి ఆడించే బొమ్మలు, డాక్టరు పెట్టె, బొమ్మరిల్లు, రంగులు, గుద్దడానికి ఒక పెద్ద సంచి, నేలంతా మెత్తని తివాచీ. మిగతా చోట్ల కన్నా ఇక్కడ ఎక్కువగా ఉన్నది ఖాళీ స్థలం. గది మధ్యలో పిల్ల పరుగెత్తడానికి, దొర్లడానికి, గిర్రున తిరగడానికి చోటు వదిలారు. గోడ వారగా పొడవాటి పల్చని గుడ్డలూ, పెద్ద దిండ్లూ, సాగే బట్టతో కుట్టిన సంచీ ఉన్నాయి. ఒక గోడకు అవతలి నుంచి మాత్రమే కనిపించే అద్దం ఉంది. పాపకు ముందే చెప్పి, ఆమె సరేనన్న రోజుల్లో మమ్మల్ని దాని వెనుక కూర్చోనిచ్చేవారు.

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది మొదటి సమావేశం. పాప లేకుండా మా ఇద్దరితోనే మాట్లాడిన ఆ గంటలో ఆమె రోగలక్షణాల గురించి అడిగింది తక్కువ, ఇంటి గురించి అడిగింది ఎక్కువ. పాపకు అన్నం ఎవరు తినిపిస్తారు, ఎవరి పక్కన పడుకుంటుంది, నూనె రాసి నలుగు పెట్టేది ఎవరు, పెద్దవాళ్ళను ఏమని పిలుస్తుంది, కోపం వస్తే ఇంట్లో ఎలా చూపించవచ్చు, ఎలా చూపించకూడదు, ఏ వస్తువును తాకితే తప్పు, ఏ చోట చెప్పులు విప్పాలి, అమ్మమ్మతో ఏ ఆటలు ఆడేది. అయిదేళ్ళ పిల్లకు చేత్తో కలిపి ముద్దలు పెడతామని, రాత్రి అమ్మమ్మ పక్కనే పడుకునేదని చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఎక్కడా ఆశ్చర్యం గానీ, సర్దిచెప్పే ధోరణి గానీ కనిపించలేదు. ఇవి పాప ఎదుగుదలలో లోపాలుగా కాక, పాప పెరిగిన తీరుగా రాసుకున్నారు.

ఈ ప్రశ్నల విలువ తెలియాలంటే ఇంతకుముందు మేము కొన్నాళ్ళు వెళ్ళి మానేసిన మరొక చోట జరిగింది చెప్పాలి. అక్కడ పాప నేల మీద పరిచిన కాగితాల మీద బొమ్మలు వేస్తూ, లేచినప్పుడు కాలు కాగితానికి తగిలితే వంగి, దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకు అద్దుకునేది. మనింట్లో మూడేళ్ళ పిల్లకైనా తెలిసిన పని అది. కాగితాన్ని తొక్కడమంటే సరస్వతిని తొక్కడమే. నేల నిండా కాగితాలుంటే కాలు పదిసార్లు తగులుతుంది, పాప పదిసార్లూ కళ్ళకు అద్దుకుంటుంది. ఆ చోటి నివేదికలో మాత్రం అది ఆందోళన వల్ల పదేపదే చేసే, అదుపులో లేని చేష్టగా నమోదైంది. దాని మీద మరిన్ని పరీక్షలు సూచించారు. ఫ్రిస్కో కేంద్రంలో కూడా పాప అదే పని చేసింది. ఈ థెరపిస్టు అప్పుడు ఏమీ అనలేదు, ఏమీ రాయలేదు. ఆ వారం మాకు ఫోను చేసి, ఆ కదలికను తాను చూసినంత వివరంగా వర్ణించి, దీనికి మీ ఇంట్లో అర్థమేమిటని అడిగారు. మరుసటి సెషన్ నుంచి కాగితాలు నేల మీద కాకుండా పొట్టి బల్ల మీద పెట్టారు. ఒక పిల్లకు లేని జబ్బు అంటగట్టడానికీ అంటగట్టకపోవడానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క ఫోను కాలే.

తల ఊపడం విషయంలోనూ అంతే. అవును అనడానికి మా పాప అమ్మమ్మలాగే తలను అటూ ఇటూ వాలుస్తుంది. ఇక్కడి టీచర్లకు అది కాదు అన్నట్టో, ఏమో అన్నట్టో తోస్తుంది. అలా అనుకుని, పాపకు ఇవ్వాల్సిన రంగు పెన్సిళ్ళు పక్క పిల్లకు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. పెద్దవాళ్ళు మందలిస్తుంటే కళ్ళు దించుకోవడం మన దగ్గర అణకువ, ఇక్కడి తరగతిలో నిర్లక్ష్యం. థెరపిస్టు ఈ రెండింటినీ పాప అనుమతితో, మా సంతకంతో, స్కూలుకు ఒక చిన్న ఉత్తరంగా రాసి పంపారు. ఆటగదిలో జరిగిన ఏ పని కన్నా ఆ ఉత్తరమే స్కూల్లో ముందుగా పనిచేసిందని నా నమ్మకం.

బొమ్మరింట్లో నాలుగు పడకగదులు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మంచం. పాప అమ్మ, నాన్న, పిల్ల, ముసలమ్మ బొమ్మలన్నింటినీ ఒకే మంచం మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి, చోటు చాలక ముసలమ్మను మాత్రం మళ్ళీ మళ్ళీ కింద పడేసేది. అందరినీ ఒక మంచం మీద పడుకోబెట్టడం దగ్గర ఆగిపోయే థెరపిస్టు దాన్ని హద్దులు తెలియని కుటుంబమని చదువుకుంటారు. ఈమె కింద పడే బొమ్మను పట్టుకున్నారు. ఆ ముసలమ్మకు ఇక్కడ చోటు దొరకడం లేదు అని మాత్రం అన్నారు. పాప జవాబు చెప్పలేదు. బొమ్మను తీసి, పొడవాటి గుడ్డతో తన వీపుకు కట్టించుకుని, గది చుట్టూ తిరిగింది. అద్దం వెనుక నుంచి చూస్తున్న నాకు అది ఉప్పుమూట అని తెలుసు. అమ్మమ్మ తనను మోసినట్టు ఇప్పుడు తానే అమ్మమ్మను మోస్తోంది. థెరపిస్టు కూడా ఆమె వెనుకే, అదే అడుగుతో, అదే విధంగా కాస్త వంగి నడిచారు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో పిల్ల కదలికను తన ఒంటిలోకి తీసుకుని తిరిగి చూపించడం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. పాప నడక వేగం తగ్గితే ఆమె వేగం తగ్గింది, పాప ఆగితే ఆగారు, మూటను సర్దుకుంటే తానూ లేని మూటను సర్దుకున్నారు.

స్పర్శ విషయంలో కేంద్రం చాలా కచ్చితంగా ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంతవరకు తాకవచ్చో మొదటి రోజే రాతపూర్వకంగా సమ్మతి తీసుకుంటారు. తొలి వారాల్లో పాప థెరపిస్టు వీపు ఎక్కబోతే ఆమె ఒప్పుకోలేదు. నేను నిన్ను మోయాలని నీకు ఉంది, కానీ నా వీపు ఉన్నది ఎక్కడానికి కాదు, కావాలంటే ఆ పెద్ద దిండు ఎక్కవచ్చు అన్నారు. ముందు కోరికను గుర్తించి చెప్పడం, తర్వాత హద్దు చెప్పడం, ఆ తర్వాత చేయదగిన మరో పని చూపడం లాండ్రెత్ పద్ధతిలో నేర్పే క్రమం. ఎత్తుకోవడమే పలకరింపుగా పెరిగిన పిల్లకు అది చప్పగానే తోచి ఉంటుంది. నాకూ అప్పుడు చివుక్కుమంది. అయినా ఆ హద్దు సరైనదేనని ఇప్పుడూ అంటాను. పరాయివాళ్ళ ఒంటికీ తన ఒంటికీ మధ్య హద్దు ఉంటుందని పిల్లలకు చెప్పడంలో మన ఇళ్ళు ఎప్పుడూ వెనుకబడే ఉన్నాయి.

హద్దు పెట్టడం తెలిసిన ఆ థెరపిస్టే ఒప్పులకుప్ప దగ్గర పట్టువిడుపు చూపారు. పాప ఒకనాడు రెండు చేతులూ అడ్డంగా చాచి ఆమె ముందు నిలబడింది. ఆమెకు ఆ ఆట తెలియదు. చేతులు అందించారు గానీ, పాప వెనక్కి వాలగానే పడిపోతోందనుకుని ముందుకు లాగారు. పాప చేతులు విడిపించుకుని మూలకు వెళ్ళిపోయింది. తర్వాత మాతో మాట్లాడినప్పుడు ఆమె ఆ చేతుల పట్టును చూపి అడిగితే, అక్కడే హాల్లో నిలబడి నేర్పాను. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు కత్తెరగా పట్టుకుని, ఇద్దరూ ఒకే బరువుతో వెనక్కి వాలితేనే ఆ ఆట సాగుతుంది. ఒకరు బిగుసుకుంటే రెండోవారు తూలిపోతారు. ఒకరు వదిలేస్తే ఇద్దరూ పడతారు. ఎదుటివాళ్ళు వదలరన్న ధీమా లేనివాళ్ళు ఆడలేని ఆట ఇది. మరుసటి సెషన్లో ఆమె పాదాలు దగ్గరగా పెట్టి సిద్ధంగా నిలబడ్డారు, కానీ పాపను పిలవలేదు. చాలా వారాలు పాప ఆ చేతుల వైపు రానే లేదు. వచ్చిన రోజు కూడా నిటారుగా నిలబడి, మోచేతులు వంచి, చిన్న చిన్న అడుగులతో తిరిగింది. నెలలు గడిచిన తర్వాత గానీ మోచేతులు చాచి, తల వెనక్కి వేసి, బరువంతా ఆమె చేతుల్లో పెట్టలేదు. ఆ తర్వాతి వారాల్లోనే స్కూల్లో పాప పక్కపిల్లను పేరు పెట్టి పిలిచిందని టీచరు రాశారు. రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, లేదని మాత్రం అనుకోను.

వంటసామాను దగ్గర కేంద్రం సగం మార్కులే తెచ్చుకుంటుంది. ప్లాస్టిక్ పిజ్జా, బర్గర్, కాఫీ కప్పులు తప్ప మన పిల్లకు వంట అని తోచేది ఏదీ మొదట లేదు. అమ్మ తెచ్చిన ఏటికొప్పాక లక్కపిడతలు ఇస్తామంటే, ఒక పిల్ల ఇంటి వస్తువును అందరూ వాడే గదిలో ఉంచడం కుదరదన్నారు. అది నిజమే. కానీ ఇండియన్ స్టోరులో చిన్న స్టీలు పళ్ళెం, గ్లాసు, అప్పడాల కర్ర కొనడానికి రెండు నెలలు పట్టడం నిజం కాకూడదు. అవి వచ్చిన రోజున పాప పళ్ళెంలో ఇసుక పోసి, చేత్తో కలిపి, ముద్ద చేసి థెరపిస్టు నోటి దగ్గర పెట్టింది. ఆమె ఫోర్కు అడగకుండా నోరు తెరిచి తిన్నట్టు నటించారు.

ఇదే కేంద్రం శనివారాల్లో నడిపే బృంద నృత్య తరగతిని మాత్రం సిఫారసు చేయలేను. దాన్ని నడిపేది వేరొకరు. అన్ని దేశాల పిల్లలనూ కలుపుకుపోతామని బోర్డు మీద రాసి, మన పిల్లలు వచ్చినప్పుడల్లా హిందీ సినిమా పాట పెట్టి, మెరుపుల చున్నీలు ఇచ్చి, ఇది మీ పాట కదా అంటారు. హిందీ ముక్క రాని మా పాప ఆ పాటకు చెవులు మూసుకుంది. పక్కనే ఉన్న తమిళ పిల్లాడి పరిస్థితీ అంతే. పిల్ల ఏ ఇంటి నుంచి వచ్చిందో అడగకుండా ఏ దేశం నుంచి వచ్చిందో చూసి పాట ఎంచడం, గోడ మీద దీపావళి పోస్టరు అంటించి చేతులు దులుపుకోవడం లాంటిదే. అదే కేంద్రంలో, పక్క గదిలో, కాగితాన్ని కళ్ళకు అద్దుకోవడం గురించి ఫోను చేసి అడిగే మనిషి ఉండగా ఈ తరగతి ఇలా సాగడం నాకు మింగుడుపడలేదు. ఫిర్యాదు చేస్తే మర్యాదగా విన్నారు. ఆ తర్వాత పాట మారింది, పద్ధతి మారలేదు.

తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడం ఈ కేంద్రపు గట్టి పక్షం. బెర్నార్డ్, లూయిస్ గెర్నీ దంపతులు 1960లలో తల్లిదండ్రులకే ప్లే థెరపీ మెళకువలు నేర్పడం మొదలుపెట్టారు. లాండ్రెత్, స్యూ బ్రాటన్ దాన్ని పది తరగతుల పాఠ్యంగా కుదించారు. వారానికి ఒకసారి, అరగంట పాటు, ఫోను పక్కన పెట్టి, పిల్ల చెప్పినట్టు ఆడటం దాని సారం. 2005లో వెలువడిన ఒక విశ్లేషణ 93 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, ప్లే థెరపీ మేలు చేస్తుందనీ, తల్లిదండ్రులే ఆ పద్ధతిలో ఆడించినప్పుడు ఆ మేలు ఇంకా ఎక్కువగా కనిపించిందనీ తేల్చింది. మా ఇంటికి సంబంధించినంతవరకు ఈ భాగమే ఎక్కువ అక్కరకు వచ్చింది. సమస్యల్లా తరగతులు పనిరోజుల్లో మధ్యాహ్నం పూట ఉండటం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అది చిన్న ఇబ్బంది కాదు.

పాప బాధంతా అమ్మమ్మ గురించే అయినప్పుడు అమ్మమ్మను కూడా చికిత్సలో కలపాలన్న ఆలోచన మాత్రం వాళ్ళకు తమంతట తాము తట్టలేదు. వాళ్ళ దరఖాస్తులో కుటుంబం అంటే తల్లి, తండ్రి, పిల్లలు. మేము అడిగిన తర్వాత ఒప్పుకున్నారు. టెక్సస్‌లో రాత్రి ఎనిమిదైతే తెనాలిలో మరునాడు ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వారానికి ఒక రాత్రి వీడియోలో పాపా అమ్మమ్మా అరగంట ఆడుకునే ఏర్పాటు జరిగింది. అడగకుండా చూస్తూ ఉండాలని థెరపిస్టు చెప్పిన నియమాన్ని నేను తెలుగులో చెబితే మా అమ్మ, “అన్నం తిన్నావా అని కూడా అడగకూడదా?” అంది. ఆ ఒక్క ప్రశ్నకు మినహాయింపు ఇచ్చారు. గుడుగుడు గుంచం ఆడటానికి ఇటు పాప తన పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెడితే, అటు మా అమ్మ తన పిడికిళ్ళు కెమెరాకు దగ్గరగా పెట్టేది. ఇదే ఏర్పాటు మొదటి నెలలోనే జరిగి ఉంటే ఎంతో బాగుండేది. తెలుగు వచ్చినవారు కేంద్రంలో ఎవరూ లేరు. దుబాసీని ఏర్పాటు చేస్తామన్న హామీ కాగితం మీదే ఉంది.

ఫలితం గురించి అతిగా చెప్పను. పక్క తడపడం ఆగింది. స్కూల్లో పాప ఇప్పటికీ వాగుడుకాయ కాదు, కానీ అడిగితే జవాబు చెబుతుంది, ఆటస్థలంలో కంచె దగ్గర నిలబడటం లేదు. అమ్మమ్మ పేరు ఎత్తితే ఏడవకుండా మాట్లాడుతుంది. కొంత కాలమే మాన్పి ఉండవచ్చు. అయినా అంతకుముందు చోటుతో పోల్చి చూస్తే, పిల్ల ఒంటి కదలికకు అర్థం చెప్పేముందు ఇంటివాళ్ళను అడగడం అన్న ఒక్క అలవాటు ఎంత తేడా తెస్తుందో మాకు కళ్ళారా కనిపించింది.

ఇక ఖర్చు. 45 నిమిషాల సెషన్‌కు 150 డాలర్లు. కేంద్రం ఏ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లోనూ లేదు. డబ్బు ముందు మనమే కట్టి, వాళ్ళిచ్చే బిల్లును కంపెనీకి పంపుకోవాలి. మాకు సగానికన్నా కాస్త తక్కువ తిరిగి వచ్చింది. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే పూర్తి రుసుము వసూలు చేస్తారు, పిల్లకు జ్వరం వచ్చిందన్నా వినరు. చేరేముందు థెరపిస్టుకు టెక్సస్ కౌన్సెలర్ లైసెన్సుతో పాటు, అసోసియేషన్ ఫర్ ప్లే థెరపీ ఇచ్చే రిజిస్టర్డ్ ప్లే థెరపిస్టు గుర్తింపు ఉందో లేదో అడగండి. కదలికతో పనిచేస్తామని చెప్పేవారు ఎక్కడ నేర్చుకున్నారో కూడా అడగండి, ఎందుకంటే యోగా క్లాసులో రెండు వారాలు గడిపి ఆ మాట వాడుకునేవారు ఈ ఊళ్ళోనే ఉన్నారు. మాట ఆలస్యమైన పిల్లలకు, ఆటిజం అనుమానం ఉన్న పిల్లలకు ఇది మొదట వెళ్ళాల్సిన చోటు కాదు. వాళ్ళకు స్పీచ్ థెరపీ, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరు) పరీక్ష ముందు జరగాలి. ఎడబాటు, ఇల్లు మారడం, తమ్ముడో చెల్లో పుట్టడం, ఇంట్లో ఎవరో పోవడం లాంటి కారణాలతో ముడుచుకుపోయిన మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు మాత్రం, శనివారం తరగతి జోలికి పోకుండా, ఆ థెరపిస్టు దగ్గరకే నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. స్కూలు వదిలిన తర్వాతి వేళలు తొందరగా నిండిపోతాయి కాబట్టి, ఆగస్టులో బడులు తెరిచేదాకా ఆగకుండా వేసవి మొదట్లోనే పేరు రాయించుకోవడం మంచిది.